గురువారం దాకా అద్దం చూడకండి

బందరులో నా క్లినిక్‌ని ఇప్పుడు శిరీష నడుపుతోంది. ఈమధ్యే చదువు పూర్తిచేసుకుని వచ్చిన దంతవైద్యురాలు. చెయ్యి మెత్తన, మాట సూటి. నా కుర్చీ, నా దీపం, గోడ గడియారంతో సహా అన్నీ ఆమెకి అప్పగించి ఇంటికొచ్చేశాను. మొన్నామధ్య ఫోను చేసి, "సార్, మీ అనుభవాలు ఏమన్నా రాసిపెట్టకూడదా? మాలాంటివాళ్ళకి పనికొస్తాయి" అంది. ఏం రాయమంటావమ్మా అని అడిగితే, "పుస్తకాల్లో దొరకనివి" అంది.

పళ్ళు పీకడం, కట్టడం, సిమెంటు నింపడం గురించి రాయడానికి నాకేం మిగల్లేదు. వాటికి మంచి పుస్తకాలున్నాయి. కట్టిన అద్దెలు, తీర్చిన అప్పులు ఎవరికీ అక్కర్లేదు. నేను రాయగలిగింది ఒక్కటే ఉంది. వయసు మళ్ళినవాళ్ళలో కొందరికి నోట్లో పుండు ఉండదు, పుప్పి ఉండదు, వాపు ఉండదు. అయినా నాలిక మండుతుంది, దవడ సలుపుతుంది. నెలలు కాదు, ఏళ్ళు. ఆ నొప్పి పక్కనే ఒక భయం కూచుని ఉంటుంది. నొప్పి పెరిగితే భయం పెరుగుతుంది, భయం పెరిగితే నొప్పి. రెండింట్లో ఏది ముందొచ్చిందో తేల్చడం నా వల్ల కాలేదు. ఇన్నేళ్ళు చూశాక చెప్పగలిగింది ఏమిటంటే, వాళ్ళంత ఒంటరి మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు. కాలు విరిగినవాడికి కట్టు ఉంటుంది, జ్వరం వచ్చినవాడికి ఒళ్ళు కాలుతుంది. వీళ్ళ దగ్గర చూపించుకోవడానికి ఏమీ ఉండదు.

గుడివాడ పెద్దాయన

తొంభైల మొదటిదాకా నేను గుడివాడలో ఒక పెద్దాయన క్లినిక్‌లో పనిచేశాను. ఇప్పుడాయన లేరు, పేరు రాయను. ఆయన చెయ్యి చూసి తీరాలి. పన్ను ఊడిందని పేషెంటుకి తెలిసేలోపు దూది పెట్టేసి "ఇంక లేవండి" అనేవారు. ఆ చెయ్యి నాకు చివరిదాకా రాలేదు. ఆయనకి లేనిదల్లా ఓపిక. ఎవరు ఏ పన్ను చూపిస్తే ఆ పన్ను తీసేసేవారు. వాదించడం టైం దండగ అనేవారు.

ఘంటసాల నుంచి ఒక రిటైరైన లెక్కల మాస్టారు వచ్చేవారు. భార్య పోయి ఎక్కువ కాలం కాలేదు. ఉతికిన చేతిరుమాలు మడిచి ఎడమ దవడకి అదిమిపెట్టుకుని బెంచీ మీద కూచునేవారు. ఒకసారి వెనక పన్ను చూపించారు, తీశాం. కొన్నాళ్ళకి దాని పక్కది చూపించారు. అదీ తీశాం. ట్రేలో పడ్డ పన్ను వేళ్ళు చూస్తే తెల్లగా, గట్టిగా, ఇంకో ఇరవై ఏళ్ళు నమిలేలా ఉన్నాయి.

"సార్, ఈ పన్ను బాగానే ఉందండీ" అన్నాను పెద్దాయనతో, మాస్టారు బయటికి వెళ్ళాక.

"నొప్పి నీదా, ఆయనదా?" అన్నారు.

ఆ మాటలో సగం నిజం ఉంది. నొప్పి మాస్టారిదే, సందేహం లేదు. కాకపోతే అది పన్నుది కాదు. ఆ రెండో సగం పెద్దాయనకి చెప్పే ధైర్యం గానీ, చెప్పి నిరూపించే చదువు గానీ అప్పట్లో నాకు లేవు.

ఒకరోజు మాస్టారు తన వంతు కోసం కూచుని ఉండగా, ఆయన దగ్గర చదువుకున్న ఒకాయన పిల్లాణ్ణి తీసుకుని వచ్చాడు. మాస్టార్ని గుర్తుపట్టి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఇద్దరూ మాటల్లో పడ్డారు. అప్పట్లో క్లాసులో ఎవరికీ రాని లెక్క ఏదో ఉండేదట, మాస్టారు గాల్లో వేలితో గీస్తూ దాన్ని మళ్ళీ చెప్పారు. చేతిరుమాలు ఒళ్ళో పడి ఉంది. దవడ సంగతే మర్చిపోయినట్టున్నారు. ఆ మనిషి వెళ్ళిపోయాక రుమాలు మళ్ళీ దవడ మీదికి వెళ్ళింది. నేను లోపల్నుంచి ఇదంతా చూశాను. అర్థం మాత్రం చేసుకోలేదు.

ఎడమవైపు పళ్ళన్నీ అయిపోయాక ఆయన నాతో అన్నారు: "పళ్ళు పోయాయి నాయనా, నొప్పి కుడివైపుకి ఇల్లు మారింది, అంతే. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. నాలిక్కి పని లేక నోరంతా తడుముతూ ఉంటుంది. తడిమినకొద్దీ ఇదేదో పెద్ద జబ్బేనని దిగులు." ఆ తర్వాత ఆయన రావడం మానేశారు. ఘంటసాల మీదుగా బస్సులో వెళ్ళినప్పుడల్లా కిటికీలోంచి వెతికేవాణ్ణి. ఎప్పుడూ కనపడలేదు.

నాంచారమ్మ

బందరు వచ్చి సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాక, ప్రతి గురువారం అవనిగడ్డ వెళ్ళేవాణ్ణి. మందుల షాపు పక్క గదిలో ఒక కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా చూసేవాణ్ణి. దివిసీమ వాళ్ళు పంటి నొప్పికి బందరు దాకా రారు. మనమే పులిగడ్డ వంతెన దాటి వెళ్ళాలి.

నాంచారమ్మది కోడూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అరవై దాటిన మనిషి. ఉప్పుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అవనిగడ్డ సంతకి వచ్చేది. చేప ముక్క చిటికెడు తుంచి నాలిక మీద వేసుకుని, ఉప్పు పట్టిందో లేదో చెప్పేసేదట. భర్త చుట్టలు కాల్చి కాల్చి నోట్లో రాచపుండు పుట్టి చనిపోయాడు. చివరి రోజుల్లో చెంచాతో గంజి పోసింది ఆమే. ఆయన పోయిన ఏడాదికి ఆమె నాలిక మండడం మొదలైంది. ఇక చెప్పేదేముంది, తనకీ అదే వచ్చిందనుకుంది. సంత మానేసింది, బుట్ట అటకెక్కింది.

నోరంతా వెలుతుర్లో చూశాను. నాలిక కింద, బుగ్గల లోపల, అంగిట్లో ఎక్కడా ఏమీ లేదు. రక్తం, షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించాను. రక్తం కాస్త తక్కువుంటే మందులిచ్చాను. రక్తం పెరిగింది, మంట తగ్గలేదు. "ఏమీ లేదమ్మా, భయపడకండి" అన్నాను. ఆ మాటకి మొహం విప్పారింది. నమస్కారం పెట్టి వెళ్ళింది. మళ్ళీ గురువారానికి అదే బెంచీ మీద ఉంది.

"పోయినోరం లేదన్నారు బాబుగారూ. ఈ వారంలో లేచిందేమో ఓసారి చూడండి."

బస్సు కోడూరు చేరేలోపే నా మాట బలం అయిపోయేదట. ఇంటికెళ్ళి అద్దం తీసి చూసుకునేది. నడుముకి దోపుకున్న గుడ్డసంచిలోంచి ఆ అద్దం తీసి చూపించింది. రేకు అంచున్న చిన్న అద్దం, బొట్టు పెట్టుకునే రోజుల్లో కొనుక్కున్నది. పొద్దున లేస్తూనే, అన్నానికి ముందు, అన్నం తిన్నాక, పొయ్యి దగ్గర, గుమ్మం దగ్గర, ఎక్కడ వెలుతురుంటే అక్కడ నాలిక బయటపెట్టి చూసుకునేది. ఎవరి నాలికైనా అంతసేపు చూస్తే ఏదో ఒక ఎర్రటి చుక్క కనపడకుండా ఉంటుందా? నాకూ కనపడుతుంది, మీకూ కనపడుతుంది.

"ఈ అద్దం నా దగ్గర పెట్టండి. చూసే పని నాది. గురువారం దాకా మీరు చూసుకోవద్దు" అన్నాను.

"నేను చూసుకోకపోతే అది పెరిగిపోద్ది గదండీ?"

"మీరు చూస్తే ఆగుద్దా?"

కాసేపు ఆలోచించి ఫక్కున నవ్వింది. అద్దం నా చేతిలో పెట్టింది. ఇచ్చాక కూడా వేళ్ళు కొంచెంసేపు దాన్ని వదల్లేదు. నేను టేబుల్ సొరుగులో పెట్టాను.

వారం వారం నాంచారమ్మ రావడం, నేను దీపం వేసి శ్రద్ధగా చూడటం, "ఈ వారం కూడా పుండు లేదు, మంట ఉంది" అని ఆ రెండు ముక్కలూ కలిపి చెప్పడం. నిద్ర కాస్త పడుతోందంది. బందరులో నాకు తెలిసిన ఫిజీషియన్ని అడిగి నరాల మందు ఒకటి చిన్న మోతాదులో మొదలుపెట్టించాను. అయినా సాయంత్రమయ్యేసరికి మంట మాత్రం తప్పడం లేదు. సాయంత్రం ఏం చేస్తారని అడిగాను.

"ఏం జేత్తానండీ, అన్నం తిని పడుకుంటా."

"ఎవరితో తింటారు?"

ఆ ప్రశ్న ఎందుకడిగానో నాకే తెలీదు. ఆమె నా వంక వింతగా చూసింది. "పథ్యం మనిషితో ఎవరు తింటారండీ?" అంది.

అప్పుడు తెలిసింది సంగతి. నోరు మండుతోందని కోడలు తిరుపతమ్మ ఆమెకి పథ్యం పెట్టింది. ఉప్పూ కారం లేని చప్పిడి అన్నం, మజ్జిగ. మిగతావాళ్ళ కూర వాసన తగిలితే మనసు లాగుతుందని, పథ్యం వాళ్ళకి ముందే పెట్టేయడం వాళ్ళ ఇంటి పద్ధతి. కొడుకు సముద్రం మీంచి రాకముందే, పొద్దు గూకుతుండగా, వెనక వసారాలో ఒక్కత్తే కూచుని ఆ చప్పిడి మెతుకులు తినేది. కోడలిది దుర్మార్గం కాదు. ప్రత్యేకంగా వండి పెట్టడం చాకిరీ, ప్రేమ ఉంటేనే చేస్తారు. ఆ ప్రేమే ఆమెని వసారాలోకి తోసేసింది.

పెళ్ళి బంతి

పథ్యం సంగతి మీవాళ్ళతో మాట్లాడాలి, ఈసారి కొడుకునీ కోడల్నీ తీసుకురమ్మన్నాను. కొడుకు పేరు ఏడుకొండలు. ఆ పై గురువారానికి ముగ్గురూ వచ్చారు. ఏడుకొండలు గదిలోకి అడుగుపెడుతూనే కోపం మీదున్నాడు.

"డాక్టరుగారండీ, మీరు మంచోరు కాబట్టి చెప్తున్నా. ఇదంతా నాటకమండీ. ఇంటికాడ చప్పిడి మెతుకులు పెడితే మంట మంట అంటది. మొన్న మా మేనకోడలి పెళ్ళిలో బంతిలో కూచుని చేపల పులుసు పోసుకుని తిన్నది. గోంగూర పచ్చడి మారు అడిగింది. మా ఊరోళ్ళంతా చూశారు. అప్పుడు నోరు మండలేదు! ఇంటికి రాంగానే మళ్ళీ మొదలు. మా ఆవిడ ఊళ్ళో మొహం చూపించలేక చస్తంది, అత్తని సరిగ్గా చూడట్లేదని జనం అనుకుంటున్నారని."

నాంచారమ్మ తల దించుకుని కూచుంది. చీర అంచు వేలికి చుడుతూ విప్పుతోంది. నేను ఆమెని చూస్తున్నాను గానీ, నాకు కనపడుతున్నది గుడివాడ బెంచీ మీద మాస్టారు. ఒళ్ళో పడి ఉన్న చేతిరుమాలు. గాల్లో లెక్క గీస్తున్న వేలు. ఈ జబ్బులో నలుగురి మధ్య మాటల్లో పడితే, తిండిలో పడితే, మంట చాలామందికి అణుగుతుంది. పుండు మంటైతే కారం తగిలితే ఎగిరి గంతేయాలి. పులుసు పోసుకుని తినగలిగింది కాబట్టే ఇది ఆ పుండు కాదు. కొడుకు నాటకానికి సాక్ష్యం అనుకుని తెచ్చిందే జబ్బుకి సాక్ష్యం. ఇది అతనికెలా చెప్పాలి? ఇది నరాల్లోంచి వచ్చే మంట అంటే వింటాడా?

అతని అరచేతులు చూశాను. వల తాడు కోసిన గీతలు, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి.

"ఏడుకొండలూ, వల లాగేటప్పుడు తాడు కోసుకుంటే చెయ్యి మండదా?"

"లాగేటప్పుడు తెలీదండీ. అప్పుడు చేపల మీదుంటది ధ్యాస. పక్కనోడు కేకలేస్తుంటాడు."

"మరి ఎప్పుడు తెలుస్తుంది?"

"ఒడ్డుకొచ్చి, చెయ్యి కడుక్కుని, ఇంటికొచ్చి కూచున్నాక. అప్పుడు మండుద్ది చూడండి, అన్నం ముద్ద కూడా పట్టుకోలేం."

"అంటే పడవలో నీకు మంట లేదు, ఇంటికొచ్చాక నాటకం ఆడుతున్నావన్నమాట."

అతను తన అరచేయి ఒకసారి చూసుకున్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగి, "మరి నువ్వు చెప్పవేంటే అమ్మా, ఇట్టా ఉంటదని?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"నాకు మాత్రం తెలుసంట్రా?" అంది నాంచారమ్మ. "మీరందరూ అంటుంటే, నేనే నాటకమాడుతున్నానేమో అనుకున్నా."

ఇంతకాలం ఆమె రాచపుండు గురించే భయపడుతోందని అనుకున్నాను. తన నొప్పి తనకే అబద్ధమేమోనన్న భయం దానికంటే పెద్దదని అప్పుడు తెలిసింది.

పథ్యం మానెయ్యమన్నాను. అందరితో కూచోబెట్టి, అందరూ తినేదే పెట్టమన్నాను. తిరుపతమ్మ బెదిరిపోయింది.

"కారం తగిల్తే పుండు రేగదాండీ?"

"పుండు లేదమ్మా."

"మీరంటే సరేగానండీ, రేపు ఆవిడకేదన్నా అయితే, పథ్యం కూడా పెట్టలేదని ఊళ్ళో నన్నంటారు."

"డాక్టరు చెప్పాడని చెప్పు. నన్నంటారు."

దానికి ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది.

మంట పూర్తిగా పోయిందని రాస్తే అది కథవుతుంది. పోలేదు. అణిగింది. వసారాలోంచి లోపలి పీట మీదికి వచ్చాక సాయంత్రాలు తేలికయ్యాయి. ఇంకొన్నాళ్ళకి బుట్ట అటక దిగింది. సంతకి వచ్చినప్పుడు ఒక్కోసారి నా గది గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే, "బాగానే ఉన్నా బాబుగారూ" అని కేకేసి పోయేది. అద్దం తిరిగిచ్చేద్దామని ఒకసారి పిలిచాను. "మీ కాడే ఉండనీండి. ఇంట్లో ఉంటే చెయ్యి ఊరుకోదు" అంది.

ఆమె పోయిన సంగతి చెప్పడానికి ఏడుకొండలు పనిగట్టుకుని ఓ గురువారం అవనిగడ్డ వచ్చాడు. నిద్రలోనే పోయిందట. "ముందురోజు కూడా మాతోనే తిన్నదండీ" అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పడానికే అంత దూరం వచ్చినట్టుంది. కాఫీ తాగమంటే వద్దని వెళ్ళిపోయాడు. అద్దం సంగతి అతనికి గుర్తు చేయలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్ళతో

శిరీషా, నీకూ నీ తర్వాత వచ్చేవాళ్ళకీ ఇది. ముందు వెతకండి. నోట్లో వేలు పెట్టి, దీపం వేసి, మూలమూలలా వెతకండి. చుట్ట తాగేవాళ్ళ అంగిట్లో నిజంగానే పుండు దొరికిన రోజులూ నాకున్నాయి. "వయసు, టెన్షను" అని చూడకుండా పంపించే డాక్టరు హంతకుడితో సమానం. కటువుగా ఉంటే ఉండనీ. కట్టుడుపళ్ళు ఒరుసుకుంటున్నాయా, నోరు ఎండిపోతోందా, బీపీ మాత్రలు ఏం వాడుతున్నారు, రక్తం ఎలా ఉంది, అన్నీ చూడాలి.

అన్నీ చూశాక ఏమీ దొరక్కపోతే, అప్పుడు మొదలవుతుంది అసలు పని. "ఏమీ లేదు" అని పంపించకండి. పుండు లేదు, మంట ఉంది అని చెప్పండి. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పండి. "టెన్షన్ తగ్గించుకోండి" అనే సలహా నేను విన్నవాటిలోకెల్లా పనికిరానిది. తగ్గించుకోవడం తెలిస్తే మన దగ్గరికెందుకొస్తారు? మళ్ళీ ఎప్పుడు రావాలో రోజు చెప్పండి. ఆ రోజు దాకా భయాన్ని మీ దగ్గర దాచి పెట్టుకోండి. పన్ను మాత్రం తియ్యకండి, కాళ్ళు పట్టుకున్నా సరే.

అన్నం ఎవరితో తింటున్నారని అడగండి. ఏం తింటున్నారని అందరూ అడుగుతారు.

మొన్న సంగతి

ఇంతవరకు రాసి, ముగిద్దామనుకున్నాను. కానీ ఒకటి దాచి రాసినట్టవుతుంది.

మా ఆవిడ పోయాక ఇది రెండో వానాకాలం. మాకు పిల్లలు లేరు. గురువారాలు అవనిగడ్డ నుంచి బస్సు ఎంత ఆలస్యంగా వచ్చినా ఆవిడ తినకుండా కూచునేది. తినెయ్యొచ్చుగా అని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే వండుకున్న అన్నం, సాయంత్రం ఇంత పెరుగు పోసుకుని, వంటింట్లో నిలబడే తినేస్తున్నాను. కూచుంటే ఎదురుగా ఖాళీ పీట కనపడుతుంది. వానలు మొదలైనప్పట్నుంచీ సాయంత్రమయ్యేసరికి నాలిక కొస మండుతోంది.

నాకు అంతా తెలుసు. ఇది ఏమిటో తెలుసు, ఏది కాదో తెలుసు. అయినా రోజూ దీపాలు పెట్టే వేళకి కిటికీ దగ్గర నిలబడి, నాంచారమ్మ అద్దంలో నాలిక చూసుకుంటున్నాను. నిన్నటి కంటే ఎర్రగా ఉందనిపిస్తుంది. ఇంత వయసొచ్చి, ఇంతమందికి చెప్పి, భయంతో అలా నిలబడి ఉంటాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మొన్న క్లినిక్ చూసి చాలా రోజులైందన్న వంకతో వెళ్ళాను. శిరీష టీ తెప్పించింది. వచ్చాను కదా ఓసారి నాలిక చూడమ్మా, ఊరికే, అన్నాను. నా కుర్చీలో నన్నే పడుకోబెట్టింది. పైనుంచి ఆ దీపం కళ్ళలో పడుతుంటే ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఇన్నేళ్ళలో మొదటిసారి తెలిసింది. చాలాసేపు చూసింది. ఎక్కడా తొందరపడలేదు.

దీపం ఆర్పి, స్టూలు దగ్గరికి లాక్కుని కూచుంది.

"పుండు లేదు సార్. మంట ఎప్పట్నుంచి?"

చెప్పాను.

"అన్నం ఎవరితో తింటున్నారు?"

"టైముకే తినేస్తున్నానమ్మా."

"ఎన్నింటికని అడగలేదు సార్."

గడియారం వైపు చూశాను. నేల వైపు చూశాను. ఇంకెక్కడా చూడ్డానికి లేక, "ఎవరూ లేరమ్మా" అన్నాను. మా ఆవిడ పోయాక ఆ మాట పైకి అనడం అదే మొదలు. అనేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి ఓదార్చలేదు, మంచినీళ్ళూ ఇవ్వలేదు. చెయ్యి చాపింది.

"అద్దం ఇవ్వండి సార్."

నాంచారమ్మ సంగతి, ఆ అద్దం నా దగ్గరే ఉందన్న సంగతి ఆమెకి ఎప్పుడో చెప్పాను. చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాను. నా వేళ్ళు కూడా దాన్ని వెంటనే వదల్లేదు.

"గురువారం రండి. అప్పటిదాకా చూసే పని నాది. మధ్యాహ్నం నేను ఇక్కడే క్యారేజీ తింటాను. మీరూ తెచ్చుకోండి, ఇద్దరికీ సరిపడా కూర మీ వంతు" అంది.

ఇవాళ సోమవారం. బయట ముసురు పట్టింది. చీకటి పడుతోంది, నాలిక మండుతోంది. రెండుసార్లు చెయ్యి జేబులోకి వెళ్ళి వట్టి చెయ్యి బయటికొచ్చింది. ఆ అమ్మాయి వంకాయ తింటుందో తినదో అడగడం మర్చిపోయాను.